ఫలం అడగకూడదా?

“మన పని మనం చేశాం, ఫలితం పైవాడి చేతిలో ఉంది.” పర్యావరణ అవగాహన సదస్సు ముగిసి, మైకు విప్పి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న వేళ ఈ మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అనేవాళ్ళు మంచివాళ్ళు. మండుటెండలో ర్యాలీ వెంట నడిచినవాళ్ళు, జేబులోంచి తీసి పిల్లలకు మజ్జిగ ప్యాకెట్లు కొనిపెట్టినవాళ్ళు. ఆ మాటకు దన్నుగా భగవద్గీత ఉంది. పని చేయడం వరకే మనిషి వంతు, ఫలం మీద ఆశ పెట్టుకోకూడదన్న బోధ గీత తెరిచి చూడనివాళ్ళకు కూడా తెలుసు. అందుకే ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ అడగరు.

నేను నెల్లూరు జిల్లాలో తెలుగు పండిట్‌గా పనిచేసి రిటైరయ్యాను. పాటలూ నినాదాలూ రాయించేది తెలుగు టీచరే కాబట్టి బడిలో పర్యావరణ క్లబ్బు చాలా ఏళ్ళు నా చేతిలోనే ఉండేది. మా నాన్న పురాణం చెప్పేవారు. గీత మా ఇంట్లో పూజగదిలో పెట్టి దణ్ణం పెట్టుకునే పుస్తకం కాదు, అన్నాల దగ్గర వాదించుకునే పుస్తకం. ఈ రెండు వైపుల నుంచీ ఒకటే ప్రశ్న నన్ను పట్టుకుంది. వాతావరణం మారిపోతోందని జనానికి చెప్పడానికి ప్రభుత్వాలు డబ్బు పెడుతున్నాయి, మాలాంటివాళ్ళం గొంతు పోయేలా చెబుతున్నాం. దానివల్ల ఏమైందని అడగడం నిష్కామ కర్మకు విరుద్ధమా? కాదని నా నమ్మకం. అడగకపోతేనే గీతకు దూరం జరిగినట్టు.

ముందు డబ్బు సంగతి. 1986 నుంచి కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ పర్యావరణ అవగాహన ఉద్యమం పేరుతో స్వచ్ఛంద సంస్థలకూ కాలేజీలకూ చిన్న చిన్న మొత్తాలు ఇస్తూ వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇంకా పెద్ద అడుగు వేసింది. సినిమా హాళ్ళలో ప్రతి ఆటకూ పర్యావరణ సందేశం ఉన్న స్లైడ్లు ఉచితంగా వేయాలంది. దూరదర్శన్, ఆకాశవాణి రోజూ కాసేపు ఈ విషయానికి ఇవ్వాలంది. బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా దీన్ని పాఠం చేయాలంది. జనానికి తెలియకుండా చట్టం నిలబడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన, అది గొప్ప ఆలోచనే. 2001-02లో నేషనల్ గ్రీన్ కోర్ వచ్చింది. క్లబ్బున్న బడికి ఏటా 2,500 రూపాయలు, తర్వాత 5,000. ఒక ర్యాలీకీ, వ్యాసరచన పోటీకీ, బహుమతుల స్టీలు గిన్నెలకూ సరిపోయేది. ఒక్క బడికి చూస్తే చాలా తక్కువే, కానీ దేశమంతటా అలాంటి బళ్ళు లక్షకు పైన. 2022 అక్టోబరు 20న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ సమక్షంలో, గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో ప్రధానమంత్రి మిషన్ లైఫ్ ప్రారంభించారు. మనిషి తన బతుకు తీరు మార్చుకోవాలన్నది దాని సందేశం.

ఇది కాగితం మీద కనిపించే ఖర్చు. లెక్కకు రాని ఖర్చు ఇంకోటి ఉంది, నాకు దాని గురించే ఎక్కువ బెంగ. ఊరివాళ్ళు పని మానుకుని వచ్చి కూర్చుంటారు. టీచరు చెబుతోంది కదా అని మర్యాదగా వింటారు. విన్నదాంతో చేయగలిగింది ఏమీ లేదని రెండు మూడుసార్లు తేలాక, నాలుగోసారి చెవులు వాటంతట అవే మూసుకుంటాయి. ఆ నాలుగోసారి మనం చెప్పేది తుపాను కబురే కావచ్చు. ఊళ్ళో మన మాటకున్న విలువ అలా ఖర్చయిపోతే దాన్ని ఏ గ్రాంటుతోనూ తిరిగి తేలేం.

మా క్లబ్బులో చురుగ్గా ఉండిన ఒక పిల్లాడు పదో తరగతితో చదువు ఆపేసి రొయ్యల గుంటల దగ్గర పనికి కుదిరాడు. కొన్నేళ్ళ తర్వాత బస్టాండులో కనిపించాడు. దగ్గరికి రాగానే డీజిల్ వాసన. “ఏం రా, మన పాటలు గుర్తున్నాయా?” అన్నాను. గ్రీన్‌హౌస్ వాయువుల పేర్లు వరసగా చెప్పాడు, ఒక్కటీ తప్పు పోలేదు. తర్వాత అన్నాడు: “కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి టీచర్. జనరేటర్ వెయ్యడం కాస్త ఆలస్యమైతే రొయ్య తేలిపోద్ది. ఓనరు నన్ను తీసేస్తాడు. పొగ మంచిది కాదని నాకు తెలీదా?” వాడి గొంతులో కోపం లేదు. నాకు అర్థమయ్యేలా చెప్పాలన్న ఓపిక ఉంది, ఒకప్పుడు నేను వాడికి చెప్పినట్టే.

తెలిసీ చేయని మనిషి అనగానే మన సంప్రదాయంలో దుర్యోధనుడు గుర్తొస్తాడు. అవగాహన ప్రచారాల వెనక, ఎవరూ పైకి అనకపోయినా, జనం గురించి రెండే ఊహలు కనిపిస్తాయి. జనానికి తెలియదు, కాబట్టి చెప్పాలి. లేదా తెలిసీ లెక్కచేయడం లేదు, కాబట్టి భయపెట్టాలి. అజ్ఞాని, లేకపోతే దుర్యోధనుడు. మా పిల్లాడు ఈ రెండూ కాదు. వాడు అర్జునుడు. రథం మీద కూలబడిన అర్జునుడికి సమాచారం తక్కువై కాదు. ఎదురుగా ఎవరెవరు నిలబడ్డారో, ఏం చేస్తే ఏమవుతుందో అందరికంటే అతనికే బాగా తెలుసు. తెలిసినందువల్లే చేతిలోంచి విల్లు జారింది. అలాంటివాడికి కౌరవసేన ఎంత ప్రమాదకరమో ఇంకోసారి వివరిస్తే ఏం లాభం? కృష్ణుడు ఆ పని చేయలేదు. అతను ఎక్కడ చిక్కుకున్నాడో అడిగి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. పైగా మాట్లాడుతున్నంతసేపూ ఆ రథం పగ్గాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. చెప్పేవాడు వినేవాడితో పాటు అదే బండిలో, అదే ప్రమాదంలో కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు పద్దెనిమిదో అధ్యాయానికి రావాలి. ఫలం సంగతి వదిలెయ్యమన్న రెండో అధ్యాయపు మాటే అందరికీ తెలుసు గానీ, పుస్తకం చివరికొచ్చేసరికి కర్మను మూడు రకాలుగా విడదీసి చెప్పిన భాగం ఎందుకో సభల్లో వినపడదు. ఫలం మీద ఆశ లేకుండా చేసేది సాత్విక కర్మ అని అక్కడ ఉంది. దానికి రెండే శ్లోకాల అవతల తామస కర్మ ఏదో కూడా ఉంది. పర్యవసానం ఏమిటో, ఎంత నష్టమవుతుందో, ఎవరికి హాని కలుగుతుందో, తన శక్తి ఎంతో చూసుకోకుండా మోహం కొద్దీ మొదలుపెట్టే పని తామసం. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాకేం వస్తుందని చూసుకోవద్దు. దానివల్ల ఏమవుతుందో మాత్రం చూసి తీరాలి. శాలువా కోసం, పేపర్లో ఫొటో కోసం సదస్సు పెట్టకపోవడం నిష్కామం. సదస్సు వల్ల ఊరికి ఏం ఒరిగిందని అడగకపోవడం నిష్కామం కాదు, దానికి గీత వేరే పేరు పెట్టింది.

అంతా అయ్యాక కృష్ణుడు ఏం చేశాడు? పార్థా, మనసు పెట్టి విన్నావా, నీ మోహం పోయిందా అని అడిగాడు. ఫలాన్ని ఆశించవద్దని బోధించిన గురువే తన బోధ ఫలించిందా లేదా అని అడుగుతున్నాడు. అంతకు కాస్త ముందు, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని కూడా అన్నాడు. చిన్నప్పుడు నాన్న ఈ రెండు చోట్లా ఆగి మా ముఖాలు చూసేవారు. అడగడం, వదిలెయ్యడం రెండూ గురువు ధర్మమే అనేవారు.

ఈ మాటలు మనసులో పెట్టుకుని బ్రిటన్‌లో జరిగింది చూడండి. 2009 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం వాతావరణ మార్పు మీద టీవీలో ఒక ప్రకటన వేసింది. ఆ ప్రచారానికి పెట్టింది 60 లక్షల పౌండ్లు. ఒక తండ్రి పడుకోబోయే కూతురికి కథ చదువుతుంటాడు. కథలో నీళ్ళు ఊరిని ముంచేస్తుంటాయి, కుక్కపిల్ల మునిగిపోతుంటుంది. కథ చివరికి మంచే జరుగుతుందా అని ఆ పిల్ల అడుగుతుంది. తొమ్మిది వందలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2010 మార్చిలో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ టీవీ ప్రకటనను సమర్థించింది గానీ, దానితో పాటు పత్రికల్లో వేసిన వాటిలో రెండింటిని తప్పుపట్టింది. పిల్లల పాటలను వాడుకుని, శాస్త్రవేత్తలు చెప్పిన దానికంటే గట్టిగా చెప్పారన్నది అభ్యంతరం. చివరికి జనంలో చర్చ ప్రకటన చుట్టూ తిరిగింది, పొగ చుట్టూ కాదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు బాధ్యత ఎవరిది? భయాన్ని నిద్రవేళ ఇంట్లోకి పంపిన ప్రభుత్వం, ఆ తండ్రి మర్నాడు పొద్దున ఎక్కడానికి చవకైన బస్సు కూడా పంపిందా? నా దృష్టిలో హాని అంటే ఇదే. చేతికి పని ఇవ్వకుండా గుండెకు భయం ఇవ్వడం.

అవగాహన ప్రచారాలు అన్నీ ఇంతేనా అంటే, కాదు. అందుకు మా జిల్లాయే సాక్ష్యం. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. రాత్రిళ్ళు లాంతర్లు పెట్టుకుని పలకల మీద దిద్దించే కేంద్రాలకు వాలంటీర్లతో కలిసి వెళ్ళేదాన్ని. కూలి నుంచి వచ్చి, పొయ్యి దించి, పిల్లలకింత పెట్టి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అక్షరాలు నేర్పే వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం కథ ఒకటి ఉండేది. ఆ పాఠం వచ్చిన రోజు ఎవరూ పలక మీద రాయలేదు. ఒకామె మొదలుపెట్టింది, “మా ఇంట్లో కూడా ఇంతే.” పక్కనున్నామె అందుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్న నోళ్ళు ఆ రాత్రి ఆగకుండా మాట్లాడాయి.

1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి తర్వాత ఊరు కదిలింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే బాధ. కానీ ఒక వాచకంలోని కథ ప్రభుత్వ ఖజానాను కదిలించిందన్నది చరిత్ర.

ఆ పాఠం ఎందుకు పనిచేసింది? సారా చెడ్డదని ఆడవాళ్ళకు అది చెప్పలేదు, వీపు మీద వాతలున్న మనిషికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. తనకు తెలిసిందే పక్కింటామెకూ తెలుసునని చెప్పింది. వేదాంతంలో శ్రవణం, మననం, నిదిధ్యాసనం అంటారు. వినడం, విన్నదాన్ని తర్కించుకోవడం, అది తనలో ఇంకిపోయేదాకా దానిలోనే నిలవడం. మన ప్రచారాల్లో డబ్బంతా మొదటి మెట్టు మీదే పోతోంది. మైకు శ్రవణానికి, పోస్టరు శ్రవణానికి, స్లైడు శ్రవణానికి. లాంతరు చుట్టూ కూర్చుని రాత్రి పది దాకా మాట్లాడుకునే మననానికి ఎవరూ బడ్జెట్ వేయరు. నెల్లూరులో అది దానంతట అది దొరికింది.

ఇంకో సంగతి కూడా ఉంది. సారా దుకాణం ఊళ్ళోనే ఉంది, దాని తలుపు మూయడానికి చేతులు చాలు. వాతావరణాన్ని పాడుచేసే దుకాణం ఏ ఊళ్ళో ఉంది? మన దేశంలో మనిషికి సగటున ఏడాదికి రెండు టన్నుల చిల్లర బొగ్గుపులుసు వాయువు లెక్క కడితే, అమెరికాలో పద్నాలుగు టన్నుల దాకా ఉంటుంది. మన రెండు టన్నుల్లో కూడా ఏసీ గదుల్లో ఉండేవాడి వాటా వేరు, తాటాకు ఇంట్లో ఉండేదాని వాటా వేరు. దానం గురించి గీత పదిహేడో అధ్యాయంలో ఒక మాట ఉంది. చోటూ కాలమూ పుచ్చుకునే మనిషీ సరిగ్గా కుదిరితేనే అది సాత్విక దానం. చెప్పడం కూడా దానమే, విద్యాదానం. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపమన్న సందేశం కారున్నవాడికి చేరాలి. సైకిల్ కూడా లేని ఊళ్ళో దాన్ని మైకులో చెబితే దానం పాత్ర తప్పినట్టే. పేదవాడికి చేరాల్సింది నువ్వు తగ్గించుకో అన్న మాట కాదు, నిన్ను నువ్వు ఎలా కాపాడుకోవాలో అన్న మాట. తగ్గించుకోమనే మాట వినాల్సిన చెవులు వేరేచోట, చల్లని గదుల్లో ఉన్నాయి. అక్కడికి ర్యాలీలు వెళ్ళవు.

ఈ విషయంలో నాకు గురువులా తోచే మనిషి ఇంకొకరున్నారు, ఆచార్య నాగార్జునుడు. శూన్యవాదం చెప్పిన ఆ మహా తార్కికుడు ఒక శాతవాహన రాజుకు హితబోధగా రత్నావళి రాశాడని సంప్రదాయం. ఆ పుస్తకంలో సూక్ష్మమైన తత్త్వచర్చ ఎంత ఉందో, రాజు చేయించాల్సిన పనుల పట్టిక కూడా అంత శ్రద్ధగా ఉంది. నీళ్ళు దొరకని దారుల్లో నీళ్ళు పెట్టించమన్నాడు. నీళ్ళ దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడకట్టుకునే గుడ్డలు, ముళ్ళు తీసుకునే పట్టుకార్లు, సూదీ దారం, విసనకర్రలు కూడా ఉంచమన్నాడు. బాటసారి కాలిలో ముల్లు దిగి ఉంటుందని అంత పెద్ద తత్త్వవేత్తకు తట్టింది! దయ గురించి రాజ్యమంతా చాటింపు వేయించమని చెప్పి ఊరుకోలేదు. దయ ఎన్ని వస్తువులుగా మారాలో లెక్కపెట్టి చెప్పాడు.

మన కాలానికి వస్తే, 2015 మే నెల ఎండలు తెలుగువాళ్ళు మరిచిపోలేరు. ఆ ఏడు దేశంలో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా పోయారు, వాళ్ళలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవాళ్ళే. అంతకు ముందే అహ్మదాబాద్ ఒక దారి చూపించింది. 2010 మేలో అక్కడ ఎండలకు వెయ్యిమందికి పైగా చనిపోయాక, 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక వేసుకుంది. ముందు రోజే హెచ్చరిక, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, వీధుల్లో తాగునీళ్ళు, ఎండలో పనిచేసేవాళ్ళకు నీడ. ఆ తర్వాత ఏడాదికి వెయ్యికి పైగా మరణాలు తప్పాయని పరిశోధకులు అంచనా కట్టారు. అందులో ప్రచారం ఉంది, కానీ ఒంటరిగా లేదు.

మా బడి పిల్లలతో 2015 తర్వాతి వేసవిలో రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టించాను. తాటాకు పందిరి, కింద ఇసుక మడి, మడిలో కొత్త కుండలు, చుట్టూ తడిపిన గోనెపట్టాలు. ఆడపిల్లలిద్దరు వంతులేసుకుని ఇసుక తడుపుతుండేవాళ్ళు. ఉపాధి పనికి పోయి వచ్చేవాళ్ళు, ఆటోవాళ్ళు, కోనేరు కాడికి గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు ఆగేవాళ్ళు. చెంబు చేతికిచ్చి, తాగుతున్నప్పుడే పిల్లలు చెప్పేవాళ్ళు. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతుంటే, మాట తడబడుతుంటే అది మామూలు నీరసం కాదు, నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడవాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి అని. ఒకామె సగం తాగిన చెంబు దించి, “నిన్న మా ఆయనకి అట్నే అయింది పాపా” అంది. మర్నాడు వచ్చి, ఇంకో నలుగురిని పిలుచుకొచ్చి, పిల్లలు నోరు తెరిచేలోగా తనే వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క ముక్క పోలేదు, పైగా ఆవిడ సొంత ముక్కలు రెండు కలిశాయి. మేం ఎన్నో వ్యాసరచన పోటీలు పెట్టాం. ఏ వ్యాసమూ అలా ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోలేదు.

తుపాను కూడా ఇదే చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా కొట్టుకుపోయారు. కబురు అందినా ఎక్కి కూర్చునేందుకు ఎత్తైన చోటు ఏది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిందరవందర చేసింది, కానీ రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వంద లోపే. మధ్యలో వచ్చినవి ఉపగ్రహాలు, షెల్టర్లు, బస్సులు, అక్కడికి పోతే అన్నం దొరుకుతుందన్న నమ్మకం. హెచ్చరిక మాట ఒకటే, దాని వెనక నిలబడిన ఏర్పాటు వేరు.

నాతో పనిచేసిన ఒక సైన్సు మాస్టారికి ఈ వాదన నచ్చదు. “అమ్మా, అయితే మాటలెందుకు, వస్తువులే పంచితే పోలా?” అంటారు. ఎల్ఈడీ బల్బులు చూపిస్తారు. 2014లో ఒక్కోటి 310 రూపాయలకు కొన్న ప్రభుత్వం, పెద్ద ఎత్తున టోకుగా కొనేసరికి రెండేళ్ళలో ధర నలభై లోపుకు దిగింది. 2015 జనవరిలో ఉజాలా పథకంగా దేశమంతటికీ వెళ్ళింది, 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. మొదట్లోనే అందుకున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. భూతాపం గురించి ఒక్క ముక్క వినని ముసలమ్మ కూడా బల్బు మార్చింది, బిల్లు తగ్గుతుందని. మాస్టారి మాటలో నిజముంది. కానీ ధర చెయ్యిని కదిలిస్తుంది, మనసును కాదు. రేపు అడగాల్సినవి బల్బుల కంటే కష్టమైనవి. మడ అడవికి చోటు వదలమని అడగాలి, బోరు లోతు పెంచొద్దని అడగాలి. 2015లో గ్యాసు సబ్సిడీ వదులుకోమని అడిగినప్పుడు ఏడాదిలో కోటి కుటుంబాలు వదులుకున్నాయి. కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకుంటున్న ఇంకో ఇంటి కోసమని స్పష్టంగా చెప్పి అడిగారు. ఎవరి కోసం వదులుకుంటున్నామో తెలిస్తే మనుషులు త్యాగానికి వెనకాడరు. మాట అవసరమే. నేను కాదనేది ఒంటరి మాటను.

మాస్టారి రెండో వాదన ఇంకా బలమైనది. “విత్తనం చల్లాం, ఎప్పుడో మొలుస్తుంది. తవ్వి తవ్వి చూస్తే చచ్చిపోతుంది” అంటారు. ఏటేటా ఫలితం చూపించమంటే అందరూ సులువుగా లెక్కకొచ్చే పనులే చేస్తారని ఆయన భయం. నాటిన మొక్కలు లెక్కేస్తారు, బతికినవి కాదు. ఆ భయం నాకూ ఉంది. మనసులో వచ్చిన మార్పును కొలిచే తూకం లేదు. కానీ కృష్ణుడు తూకం వేయలేదు కదా. అడిగాడు. అడగడానికి మళ్ళీ ఆ ఊరు వెళ్ళాలి, అదే మనుషుల ముందు కూర్చోవాలి. కార్యక్రమం అయ్యాక మేం పంపే నివేదికలో ఖర్చు రశీదులు, హాజరు సంతకాలు, ఫొటోలు, పేపరు కటింగులు జతచేసేవాళ్ళం. ఆరు నెలల తర్వాత వెళ్ళి అడిగితే ఊరివాళ్ళు ఏమన్నారో రాసే గడి అందులో ఉండేది కాదు. ఆ గడి ఉంటే, దానికి బస్సు చార్జీలు ఇస్తే, నా లెక్కలో అంతకు మించి సార్థకమైన ఖర్చు లేదు. ప్రకృతి వ్యవసాయంలో మన రాష్ట్రం చేసిన పని ఆ దారిలోనే నడిచింది. అక్కడ చెప్పేది పక్క చేను రైతే. పంట పోతే చెప్పిన మనిషి గట్టు మీదే దొరుకుతాడు, అడగొచ్చు. 2024లో దానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

అడగడమంటే కాదన్న జవాబుకు కూడా సిద్ధపడటం. నీకు తోచినట్టు చెయ్యి అన్నాక అర్జునుడు కాదనే అవకాశం నిజంగా ఉండాలి, లేకపోతే ఆ మాటకు అర్థం లేదు. ప్రచారాలు చేసేవాళ్ళకు ఇది అన్నిటికంటే కష్టం. సముద్రపొడ్డున ఒక పట్టపుపాలేనికి సరుగుడు మొక్కలు తీసుకెళ్ళాం, గాలికి అడ్డు ఉంటుందని, ఇసుక కోత ఆగుతుందని. ఆడవాళ్ళు శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒక పెద్దావిడ లేచింది. “చెప్పింది బాగుంది టీచరమ్మా. కానీ మీరు గుంటలు తీసిన చోటు మేం వలలు ఆరేసుకునేది, పడవలు లాక్కునేది. ఆడ చెట్లు వద్దు.” వెంట వచ్చినవాళ్ళు వీళ్ళకు అర్థం కాలేదని ఇంకోసారి వివరించబోయారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. “మాకు అర్థమైంది. తుపానొస్తే షెల్టరుకు పొమ్మంటారు గదా. ఆ బాట మోకాలి లోతు నీళ్ళలో ఉంటది. చంకలో బిడ్డనేసుకుని ఎట్టా పోయేది? ముందు అది చూడండి.”

ఆ మాటల్ని ఆవిడ చెప్పినట్టే అర్జీలో రాశాను, పాలెంలో ఆడవాళ్ళంతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టారు. బాటకు కొంతమేర గ్రావెల్ తోలారు. కాలవ దాటే చోట కల్వర్టు కట్టలేదు, దానికోసం మళ్ళీ అర్జీ పెట్టాం. సరుగుడు మొక్కలు ఊరికి ఉత్తరాన దిబ్బ మీద నాటుకున్నారు, ఆ చోటు వాళ్ళే చూపించారు.